మాత్ర కోసం ఏరు దాటాలా: ఓపియాయిడ్ చికిత్స విధానాల్లో మార్పులను సిమ్యులేషన్‌తో పరీక్షించడం ఎలా

ఓపియాయిడ్ (హెరాయిన్, నల్లమందు లాంటి మత్తు) వ్యసనానికి బదులు మందుగా బూప్రెనార్ఫిన్ ఇచ్చే ఓఎస్‌టీ (ఓపియాయిడ్ ప్రత్యామ్నాయ చికిత్స) కేంద్రాల్లో మామూలు పద్ధతి ఇది: మనిషి రోజూ రావాలి, నర్సు ఎదుట మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, అది కరిగేదాకా అక్కడే కూర్చోవాలి. పట్నంలో ఉన్నవాడికి అరగంట పని. గోదావరి పాయల మధ్య లంకలో ఉన్నవాడికి పంటు (ఏరు దాటించే పడవ), ఆటో, బస్సు కలిపితే పూట గడిచిపోతుంది, ఆ రోజు కూలీ కూడా పోతుంది. అందుకే వారానికి సరిపడా మాత్రలు ఇంటికి ఇచ్చి పంపితే ఏమవుతుందన్న ప్రశ్న వస్తుంది.

ఇలాంటి మార్పులు వేరే చోట్ల జరిగాయి. ఫ్రాన్స్‌లో 1995లో మామూలు డాక్టర్లకూ బూప్రెనార్ఫిన్ రాసే వీలిచ్చారు. 1999 నాటికి ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. అమెరికాలో 2020 మార్చిలో, కోవిడ్ వల్ల, నిలకడగా ఉన్నవాళ్లకు 28 రోజుల మెథడోన్ (ఇదే పనికి వాడే ఇంకో మందు) ఇంటికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పంజాబ్‌లో 2017లో ఈ చికిత్సకే ఔట్‌పేషెంట్ క్లినిక్‌లు తెరిచారు. కానీ పారిస్‌లో ఫలించిందని కోనసీమలోని సఖినేటిపల్లిలోనూ ఫలిస్తుందనుకోలేం. ముందు కంప్యూటర్‌లో లెక్కల నమూనా (మోడల్) కట్టి నడిపి చూడాలి. సిమ్యులేషన్ అంటే ఇదే. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడ తప్పు దొర్లుతుందో ఇక్కడ రాస్తున్నాం. ఉదాహరణకు డెల్టాలో ఒక ఊహా కేంద్రాన్ని తీసుకున్నాం. దాని అంకెలు మేం లెక్క కోసం పెట్టుకున్నవే, ఏ ఊరివీ కావు.

ముందు ప్రశ్నను కుదించండి

"వ్యసన చికిత్స మెరుగవుతుందా?" అన్న ప్రశ్నకు మోడల్ కట్టలేం. "మొదటి 4 వారాలు రోజూ వచ్చి నిలదొక్కుకున్నవాళ్లకు వారం మాత్రలు ఇంటికిస్తే, 3 ఏళ్లలో చికిత్సలో ఉండేవాళ్ల సంఖ్య ఎంత మారుతుంది, ఒక్క కౌంటరు సరిపోతుందా?" అన్న ప్రశ్నకు కట్టగలం. మార్పు, ఎవరికి, ఎంతకాలం, ఏ కొలత అన్న నాలుగూ ఒకే వాక్యంలో రాకపోతే సాఫ్ట్‌వేర్ తెరవకండి.

పోల్చడానికి ఎప్పుడూ ఇంకో రెండు దారులు పెట్టుకోండి. ఇప్పుడున్నది ఉన్నట్టే సాగడం ఒకటి. రెండోది మధ్యేమార్గం. బూప్రెనార్ఫిన్ ప్రభావం ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి రెట్టింపు మోతాదు రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు. ఇంటికి ఇవ్వడానికి అధికారులు జంకే చోట చాలాసార్లు ఈ మధ్యదారే అమలుకొస్తుంది. మోడల్‌లో అది లేకపోతే సమావేశంలో మొదటి ప్రశ్నకే తడబడతారు.

ఎంతమంది ఉన్నారు?

2018లో జరిపి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10–75 ఏళ్లవారిలో 2.06 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. సుమారు 77 లక్షల మందికి సాయం అవసరం. ఈ శాతాన్ని కోనసీమ జనాభాతో గుణించకండి. ఆ సగటును పైకి లాగింది మిజోరం, నాగాలాండ్, పంజాబ్ లాంటి రాష్ట్రాలు. అలా చేస్తే మీ జిల్లాలో లేని మనుషులకు మీరు చికిత్స చేస్తారు.

రిజిస్టర్ల గొడవ ఇంకొకటి. డీ అడిక్షన్ రిజిస్టర్లో "మత్తు" అన్న ఒకే మాట కింద సారా, గంజాయి, ట్రమడాల్ (ఓపియాయిడ్ రకం నొప్పి మాత్ర) అన్నీ కలిసిపోతాయి. ఏజెన్సీ గంజాయి వార్తలు ఎక్కువ వినబడతాయి గానీ గంజాయి ఓపియాయిడ్ కాదు, బూప్రెనార్ఫిన్ దానికి పనిచేయదు. ఐసీడీ-10 (జబ్బుల అంతర్జాతీయ జాబితా) కోడ్ ఉంటే ఓపియాయిడ్లకిచ్చిన ఎఫ్11 వరుసనే తీసుకోండి. ఎఫ్10 మద్యం, ఎఫ్12 గంజాయి. కోడ్ లేకపోతే మందుల కాలమ్ చూసి విడదీయండి. ట్రమడాల్ 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి వచ్చింది. కాబట్టి అంతకు ముందు, ఆ తర్వాతి రికార్డులను ఒకే గీతగా గీయకండి.

స్థానిక సంఖ్యకు రెండు జాబితాల పద్ధతి వాడండి. కేంద్రం జాబితాలో 120 మంది, జనం దగ్గరికే వెళ్లి పాత సూదులకు బదులు కొత్తవి ఇచ్చే ఔట్‌రీచ్ కార్యకర్తల జాబితాలో 90 మంది, రెండింట్లోనూ ఉన్నవాళ్లు 27 మంది అనుకుందాం. 120ని 90తో గుణించి 27తో భాగిస్తే 400. చిన్న జాబితాలకు ప్రతి అంకెకూ 1 కలిపి లెక్కగట్టి చివర 1 తీసేయడం మేలు. అప్పుడు 392 వస్తుంది. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఒకటి పేర్లు: ఒకే మనిషి ఒక జాబితాలో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ముద్దుపేరుతో ఉంటాడు, జత కలవకపోతే 27 కాస్తా 18 అవుతుంది, 400 కాస్తా 600 అవుతుంది. రెండోది దీనికి తలకిందులు: ఔట్‌రీచ్ కార్యకర్తే మనుషుల్ని కేంద్రానికి పంపుతుంటే రెండు జాబితాల్లో ఉన్నవాళ్లు ఎక్కువై మొత్తం తక్కువగా కనిపిస్తుంది. పేర్లను కేంద్రంలోనే కోడ్‌గా మార్చించి, కోడ్‌లు మాత్రమే బయటికి తెచ్చుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ గోప్యత రోగి హక్కు.

గదులు, తూములు

కాలువకు లాకులు ఎలాగో మోడల్‌కు గదులు (మనుషులుండే స్థితులు), వాటి మధ్య తూములు (ఒక స్థితినుంచి ఇంకోదానికి వెళ్లే దారులు) అలాగ. మేం పెట్టుకునే గదులివి: బయట వాడుతున్నవాళ్లు, లైనులో ఎదురుచూసేవాళ్లు, చికిత్స మొదటి 4 వారాల్లో ఉన్నవాళ్లు, నిలదొక్కుకున్నవాళ్లు, చికిత్స వదిలేసి ఇంకా 4 వారాలు కానివాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు, పూర్తిగా మానినవాళ్లు, మరణం.

"వదిలేసి 4 వారాలు కానివాళ్లు" అని వేరే గది ఎందుకంటే, ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోయి, పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ప్రాణం పోయేది అప్పుడే. ఈ గది లేని మోడల్‌లో జనం చేరుతూ వదిలేస్తూ ఉన్నా నష్టం కనిపించదు, ఎక్కువమందిని చేర్చే విధానం ఏదైనా బాగున్నట్టే తోస్తుంది. జైలునుంచి విడుదలైన తొలి వారాలకూ ఇదే వర్తిస్తుంది. లెక్క వారం చొప్పున నడపండి. నెల చొప్పున నడిపితే ఆ 4 వారాల ప్రమాదం ఒక్క అడుగులో మాయమవుతుంది.

స్ప్రెడ్‌షీటుతో మొదలుపెట్టడమే మంచిది. కౌంటరు దగ్గర లైను చూడాలనుకున్నప్పుడు పైథాన్‌లో సింపై (లైన్లను అనుకరించే లైబ్రరీ) వాడండి. మనుషుల మధ్య సూదులు, హెచ్ఐవీ వ్యాపించడం చూడాలంటే తప్ప ఏజెంట్ మోడల్ (ప్రతి మనిషినీ విడిగా నడిపించే మోడల్) జోలికి వెళ్లకండి; దానికి కావలసిన వివరాలు మన దగ్గర ఉండవు, చివరికి కాకిలెక్కలతో నింపాల్సి వస్తుంది.

శాతాన్ని వారానికి మార్చడం

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 26 వారాలకు సగం మందే మిగులుతారని రికార్డు చెబితే, 50ని 26తో భాగించి వారానికి 1.92 శాతం వదిలేస్తారని రాస్తారు. అలా నడిపితే 26 వారాలకు మిగిలేది 60 శాతం, 50 కాదు. ప్రతి వారం మిగిలినవాళ్లలోంచే కదా తగ్గేది! సరైన లెక్క: 0.5కు 26వ మూలం తీసి 1లోంచి తీసేయాలి. 2.63 శాతం వస్తుంది.

అదీ ఇంకా సరిపోదు. మొదట్లో ఎక్కువమంది పోతారు, తర్వాత తగ్గుతారు. మొదటి 4 వారాలు వారానికి 6 శాతం, ఆపైన 2 శాతం పెడితే 26వ వారానికి మళ్లీ సరిగ్గా సగమే మిగులుతారు. కానీ సగటు బస (ఒక మనిషి చికిత్సలో ఉండే సగటు కాలం) మారిపోతుంది: మొదటి దశలో 3.65 వారాలు, రెండో దశలో 39, మొత్తం 42.7 వారాలు. అంతటా 2.63 అని పెడితే 38 వారాలే వచ్చేది.

"వదిలేశాడు" అన్నదానికి ముందే హద్దు గీయండి: వరుసగా 28 రోజులు మాత్ర తీసుకోకపోతే వదిలేసినట్టు, వదిలేసిన తేదీ మాత్రం చివరి మాత్ర తీసుకున్న రోజే. లేకపోతే రెండు నెలలుగా మొహం చూపించనివాడూ రిజిస్టర్లో "యాక్టివ్"గానే ఉంటాడు. తిరిగొచ్చినవాడికి కొత్త నంబరిచ్చే అలవాటున్న చోట అతన్ని కొత్తవాడిగా లెక్కపెట్టే ప్రమాదమూ ఉంది.

చేత్తో ఒకసారి వేసి చూడండి

కోడ్ రాసేముందు కాగితం మీద వేస్తే మోడల్ ఎక్కడ అబద్ధం చెబుతుందో ముందే తెలుస్తుంది. వారానికి 6 మంది చేరతారు, సగటు బస 42.7 వారాలు. చేరేవాళ్లను బసతో గుణిస్తే 256 మంది చికిత్సలో ఉండాలి. కౌంటరు ఉదయం 8 నుంచి 1 వరకు, అంటే 300 నిమిషాలు. ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం. 256 మందికి 384 నిమిషాలు కావాలి! 200 మందికే చోటు. మిగిలినవాళ్లు లైను చూసి తిరిగి వెళ్లిపోతారు, కొన్నాళ్లకు రావడం మానేస్తారు. అంటే మీ రికార్డులో "చికిత్స నచ్చక వదిలేశారు" అని కనిపించేదాంట్లో ఎంతో కొంత లైను వల్ల వచ్చినదే. లైను పొడుగును బట్టి వదిలేసే శాతం పెరిగేలా తూము పెట్టకపోతే, రెండో కౌంటరు పెట్టడం వల్ల లాభం మోడల్‌కు ఎప్పటికీ కనబడదు.

ఇప్పుడు ఇంటికి మాత్రలు. ప్రయాణం తగ్గి, రెండో దశలో వదిలేసేవాళ్లు వారానికి 2 నుంచి 1.5 శాతానికి దిగుతారు అనుకుందాం. సగటు బస 55.7 వారాలవుతుంది. ఆరుతో గుణిస్తే 334. ఇది చూసి సంబరపడి నివేదిక రాసేస్తారు. కానీ పైన జాబితాల లెక్కలో తేలిన మొత్తం సుమారు 400 మందే. 334 మంది లోపల ఉంటే బయట మిగిలే 66 మందిలోంచి వారం వారం 6 మంది ఎలా వస్తారు? చేరేవాళ్ల సంఖ్య బయట ఉన్నవాళ్లకు తగ్గట్టు మారాలి. మొదటి లెక్కలో బయట 144 మంది, చేరింది 6, అంటే వారానికి 4.17 శాతం. ఆ శాతాన్నే నిలిపి మళ్లీ వేస్తే లోపల 280, బయట 120, వారానికి చేరేది 5 మంది. పెరుగుదల 78 కాదు, 24.

అది చిన్నదని కొట్టిపారేయకండి, కౌంటరు వైపు చూడండి. రోజూ వచ్చే తొలిదశవాళ్లు 18 మంది, ఒకటిన్నర నిమిషం చొప్పున 27 నిమిషాలు. వారానికోసారి వచ్చే 261 మందిని 6 రోజులకు పంచితే రోజుకు 43 మంది. మాటలు, మూత్ర పరీక్ష, ప్యాకింగ్ కలిపి ఒక్కొక్కరికి 4 నిమిషాలిచ్చినా 174 నిమిషాలు. మొత్తం 200 చిల్లర. కొత్త కౌంటరు లేకుండా, కొత్త నర్సు లేకుండా 280 మంది 300 నిమిషాల్లో సర్దుకుపోతారు. ఈ సంస్కరణలో అసలు లాభం ఇక్కడుంది, నిలకడ శాతంలో (చికిత్సలో మిగిలేవాళ్ల శాతంలో) కాదు.

సగటు సరిపోయిందని లైను ఉండదనుకోకండి. జనం 8 గంటలకే గుంపుగా వస్తారు, కూలికి పోవాలి కదా. రాత్రి రొయ్యల పట్టుబడికి వెళ్లినవాళ్లు 12 దాటాక వస్తారు. సంక్రాంతి ముందురోజు మొత్తం వారం మాత్రల కోసం ఒకేసారి వస్తారు. కౌంటరు 80 శాతం నిండి ఉన్నప్పుడు సగటు నిరీక్షణ ఒక్క మనిషికి పట్టే సమయానికి దాదాపు 4 రెట్లుంటే, 95 శాతానికి 19 రెట్లవుతుంది. అందుకే సింపైలో రోజుల వారీ రాకను గంటల వారీగా, నిజం రిజిస్టరు నుంచి పెట్టండి.

గోదావరిని మోడల్‌లోకి తేవడం

ప్రయాణాన్ని కిలోమీటర్లలో కొలవకండి. నర్సాపురం, సఖినేటిపల్లి ఎదురెదురు ఒడ్లు. మ్యాపులో చూస్తే కూతవేటు దూరం. పంటు కోసం ఎదురుచూపు, చివరి పంటు వేళ, రెండు వైపులా ఆటో కలిపి నిమిషాల్లో కొలవండి. ఒక్కో రేవుకు వారం రోజులు మనిషిని నిలబెట్టి గడియారం చూసి రాయిస్తే చాలు. రానుపోను 60 రూపాయలనుకుంటే, నెలకు 30 సార్లు వచ్చేవాడికి 1,800. నాలుగైదు సార్లు వచ్చేవాడికి 300 దాటదు. ఈ ఖర్చును ప్రభుత్వ ఖర్చు పక్కనే వేరే కాలమ్‌లో చూపించండి. ప్రభుత్వ లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు, కాబట్టి కలిపేస్తే ఎవరూ గమనించరు.

వరదకు క్యాలెండరు కావాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. గడిచిన పదేళ్ల రోజువారీ నీటిమట్టం తీసుకుని, ఏ మట్టానికి ఏ రేవులో పంటు ఆగుతుందో రేవు నడిపేవాళ్లను అడిగి రాసుకోండి. 2022 జులై లాంటి వరదలో, బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, లంకవాళ్లకు రోజుల తరబడి దారి లేదు. రోజూ రావాల్సిన విధానంలో ఆ రోజులన్నీ మాత్ర లేని రోజులు. చాలా రోజులు తప్పితే మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, అంటే మనిషి తొలిదశ గదికి వెనక్కి వెళతాడు. వరద వారాలను జల్లినట్టు అక్కడక్కడా యాదృచ్ఛికంగా పెట్టకండి. అవి జులై–సెప్టెంబరులో, వరుసగా వస్తాయి. ఒకేసారి అందరికీ తప్పడం, ఒకరి తర్వాత ఒకరికి తప్పడం రెండూ ఒకటి కావు. వరద తగ్గిన మర్నాడు అందరూ ఒకేసారి కౌంటరు మీద పడతారు.

మరణాల అంకె దగ్గర జాగ్రత్త

2017లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్ష ప్రకారం బూప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నప్పుడు ఏడాదికి 1,000 మందికి 4.3, బయట ఉన్నప్పుడు 9.5 మరణాలు, మెథడోన్‌కైతే 11.3, 36.1. ఇవి వేరే దేశాల్లో, ఎక్కువగా హెరాయిన్ ఇంజెక్షన్ వాడేవాళ్ల మీద కట్టిన అంకెలు. ట్రమడాల్ మింగేవాళ్లకు వీటిని అతికించి వదిలేయకండి, విస్తృత పరిధి పెట్టండి. పరీక్ష కోసం వాడి చూస్తే: 256 లోపల, 144 బయట ఉంటే ఏడాదికి 2.47 మరణాలు, 280, 120 అయితే 2.34. తేడా 0.13. ఇంత చిన్న చోట ఏటా ఒకటో నాలుగో అటూ ఇటూ ఊగడం సహజం కాబట్టి, ఒక కేంద్రం మరణాలతో మోడల్‌ను సరిచూడలేం. మోడల్‌ను పదిసార్లు నడిపితే, ఆ పది పరుగుల్లో సంస్కరణే ఎక్కువమందిని చంపినట్టు రావడానికి కూడా అవకాశం ఉంది. ఆ తేడా స్థిరంగా కనిపించాలంటే విడివిడి పరుగులు వేలల్లో కావాలి. పరుగులు తగ్గించుకోవాలంటే ప్రతి మనిషికీ తన సొంత యాదృచ్ఛిక అంకెల వరుస ఇచ్చి, రెండు విధానాలకూ అవే మనుషులు, అవే వరదలు పెట్టండి. కేంద్రం స్థాయిలో చెప్పాల్సింది చికిత్సలో గడిచిన మనిషి-ఏళ్లు (అందరూ చికిత్సలో ఉన్న కాలాల మొత్తం). మరణాలను జిల్లా స్థాయిలోనే చెప్పండి.

దారి తప్పే మాత్రలు

ఇంటికిచ్చిన మాత్రలు కొన్ని అమ్ముడుపోతాయి, కొన్ని కరిగించి సూదిలోకి ఎక్కుతాయి. నాలక్సోన్ (ఓపియాయిడ్ ప్రభావాన్ని అడ్డుకునే మందు) కలిపిన మాత్ర సూదికి కొంత అడ్డు వేస్తుంది, పూర్తిగా కాదు. దీన్ని వదిలేసిన మోడల్‌లో ఇంటికి మాత్రలివ్వడానికి నష్టమే ఉండదు, పోలీసు అధికారి మొదట అడిగేదీ ఇదే. అయితే ఎన్ని మాత్రలు బయటికి పోతాయో ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి ఊహించకండి, ప్రశ్న తిప్పి వేయండి: 5 శాతం, 10, 20, 30 ఇలా పెంచుతూ పోతే, ఏ శాతం దగ్గర ఇంటికివ్వడం రోజూ రావడం కన్నా చెడ్డదవుతుంది? ఆ గీత 40 దగ్గరుంటే సంస్కరణ గట్టిది. 8 దగ్గరుంటే ముందు మాత్రల లెక్క చూసే ఏర్పాటు చేసుకోవాలి. మద్యం, నిద్రమాత్రలతో కలిపి వాడేవాళ్లకు ప్రమాదం వేరుగా పెట్టండి. ఒంటరిగా బూప్రెనార్ఫిన్ ఊపిరిని ఆపేంత దూరం వెళ్లడం అరుదు, కలిసినప్పుడే అసలు ముప్పు.

పోలీసు తూము గురించి ఒక్క మాట. ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్ కింద, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో తనంతట తాను చికిత్సకు వస్తే విచారణనుంచి మినహాయింపు పొందవచ్చు. జైలు గదిలోకి పోయే కొందర్ని చికిత్స గదికి మళ్లించి చూడటం అరగంట పని. వాళ్ల నిలకడ శాతాన్ని మాత్రం సొంతంగా వచ్చినవాళ్లతో సమానంగా పెట్టకండి.

సరిపోల్చడం, చూపించడం

ఖాళీ కేంద్రంతో మోడల్ మొదలుపెడితే మొదటి ఏడాది అంతా లైనే లేకుండా మురిపిస్తుంది. ఇవాళ్టి రిజిస్టరు స్థితితో మొదలుపెట్టండి. తెలియని ప్రతి అంకెకూ ఒక పరిధి ఇచ్చి 10,000 కలయికలు నడపండి. నెలవారీ చేరికలు, 3 నెలల, 6 నెలల నిలకడ, రోజువారీ హాజరు ఈ మూడింటికీ దగ్గరగా వచ్చిన కలయికలనే ఉంచుకోండి. చివరి 12 నెలల రికార్డును మోడల్‌కు చూపించకుండా దాచి, చివర్లో దాంతో సరిచూడండి. ఆగస్టు హాజరు సరిపోయి జనవరి తప్పితే సంక్రాంతిని మర్చిపోయినట్టు. రెండూ తప్పితే వదిలేయడానికి మీరిచ్చిన హద్దే తప్పు.

కలెక్టరు దగ్గర జరిగే సమావేశానికి ఒకే కాగితం తీసుకెళ్లండి: మూడు విధానాలు, ఒక్కోదానికి చికిత్సలో ఉండేవాళ్లు, కౌంటరు నిమిషాలు, రోగి జేబు ఖర్చు, దారి తప్పే మాత్రల గీత. అన్నీ పరిధులుగానే. "280" అని రాసి వదిలేస్తే వచ్చే ఏడాది 265 వచ్చినప్పుడు మోడల్ తప్పంటారు. పైలట్‌కు అనుమతి వస్తే రెండు రేవుల ప్రాంతాలు ఎంచుకోండి, ఒకటి పంటు దాటేది, ఒకటి రోడ్డు ఉన్నది. కౌంటరు దగ్గర మొదటిరోజు నుంచే మూడు అంకెలు రాయించండి: వచ్చిన గంట, ఇంటినుంచి పట్టిన నిమిషాలు, తిరిగి తెచ్చిన ఖాళీ స్ట్రిప్పులు. మూడో అంకె రాయడం నర్సులు మొదటి నెలలోనే మానేస్తారు, అందుకే దానికి మాత్రల పంపిణీ పుస్తకంలోనే ఒక గడి గీయించండి.